గుంటలో సుత్తి

డెమింగ్, న్యూ మెక్సికో
20 ఫిబ్రవరి 1978

లైల్,

నీ ఉత్తరం అందింది. చదవడానికి ఒక పూట పట్టింది కానీ ఒళ్ళు మండడానికి నిమిషం పట్టలేదు.

"అక్కా, నువ్వు ట్రక్కు నడపొద్దు, మేమే వచ్చి ఎక్కించుకుంటాం, వాగు దగ్గర నీడలో నీకు కుర్చీ వేస్తాం" అని రాశావు. కుర్చీ! కుంటి గాడిద వాగులో నాకు కుర్చీ! ఆ ఎండు వాగులో అగేట్ రాయి ఎలా ఉంటుందో నీకు చూపించింది ఎవర్రా? పైకి బంగాళాదుంపలా ఉన్న బోడి రాయిని నీ చేతిలో పెట్టి, "దీన్ని కోస్తే లోపల వరసగా రంగు చారలుంటాయి" అంటే నమ్మక, నాలికతో నాకి చూసిన వెధవ్వి నువ్వు. ఇవాళ నాకు కుర్చీ వేసే పెద్దమనిషివి అయిపోయావు.

కళ్ళ సంగతి అడిగావు కనుక చెబుతున్నాను. రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోతోందట, అంచులు మాత్రం ఇంకా ఉన్నాయి. మొన్న పోస్టుమాన్ వస్తే మొహం కనపడలేదు కానీ టోపీ, బూట్లూ శుభ్రంగా కనిపించాయి. రాళ్ళు చూసే భూతద్దం పెట్టి, అక్షరం పక్కకి చూస్తూ నీ ఉత్తరాలు చదువుతున్నాను. అంచులు కూడా పోతాయని డాక్టరు అన్నాడు. ఎప్పుడో ఆయనకీ తెలీదు.

అందుకే నీతో వస్తానంటున్నాను, నీ కుర్చీ కోసం కాదు. ఈ కాస్త చూపూ పోయేలోగా ఒక్క రాయి నాకు దొరకాలి. ఎవరూ వేలుపెట్టి చూపించకూడదు, "అదిగో అక్కడ చూడు" అనకూడదు. నా అంతట నేను వంగి, నా చేతులతో తియ్యాలి. ఒక్కటి చాలు. ఆ తర్వాత నీ కుర్చీలో కూర్చోమంటే కూర్చుంటాను.

ఇంకో మాట. నీ కిటికీలో పెట్టుకున్న ఆ రాయిని నా కంటపడేలా తీసుకురాకు. గుంటలో సుత్తి ఉంటే ఆ గుంట ఆ సుత్తివాళ్ళది, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు అని నాన్న పెట్టిన రూలు. నేను ఆ రాయికి ఒక దెబ్బ వేసి, సుత్తి గుంటలో నిలబెట్టి నీళ్ళకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాయి నీ ఒళ్ళో ఉంది. నాకు పధ్నాలుగేళ్ళు, నీకు పదకొండు. నాన్న తన రూలు తానే మింగేసి "పోనీలే, మగపిల్లాడు, ముచ్చటపడ్డాడు" అన్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇవాళ్టికీ కడుపు మండుతుంది.

ట్రక్కు తాళాలు నా దగ్గరే ఉంటాయి. అది కూడా చెబుతున్నాను.

ఇంకా గుడ్డిది కాని మీ అక్క
వెల్డా

*

టూసాన్, అరిజోనా
25 ఫిబ్రవరి 1978

అక్కా,

నీ ట్రక్కు ఎవరు అడిగారు? నడపొద్దు అంటే లాక్కుంటానని అర్థమా? నేను ఒకటి రాస్తే నువ్వు పది చదువుతావు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నువ్వు ఇంతే.

మార్చి పదకొండు శనివారం పొద్దున్నే వస్తాం. ట్రైలరు తగిలించుకుని వస్తాను, రాత్రికి వాగులోనే. నోరీన్, మా అబ్బాయి డేల్, వాడి పిల్లలు ముగ్గురూ వస్తున్నారు. పెద్దది జోడీ అప్పుడే సంచీ సర్దేసుకుని, "వెల్డా మామ్మకి చీకట్లో కూడా రాళ్ళు తెలుస్తాయట కదా" అని అడుగుతోంది. దానికి ఈ కోతలన్నీ ఎవరు కోశారో నాకు తెలీదు. నువ్వే అయ్యుంటావు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. కుంటి గాడిద వాగు మన చిన్నప్పటిలా లేదు. ఈ పదేళ్ళలో ఎవరెవరో వచ్చి నేలంతా పార్లతో గీకేశారు. గుంటలు తవ్వి, పూడ్చకుండా పోతున్నారు. మొన్న నవంబరులో మా రాళ్ళ క్లబ్బు వెళ్తే పదిమందికీ కలిపి గుప్పెడు రాతి పెంకులు దొరికాయి. ఎక్కువ ఆశ పెట్టుకోకు.

కిటికీలో రాయి ఎక్కడికీ రాదు. దాన్ని కోస్తే జన్మలో నాతో మాట్లాడనన్నావు కనక ఇన్నేళ్ళూ కొయ్యలేదు. లోపల ఏముందో నాకూ తెలీదు. నీ సుత్తి దెబ్బ గంటు మాత్రం దాని మీద అలాగే ఉంది, నోరీన్ దుమ్ము తుడిచినప్పుడల్లా గుడ్డ దానికి తగులుకుంటుంది. నీళ్ళకని వెళ్ళి సగం రోజు రాలేదు నువ్వు. ఆ సంగతి ఎప్పుడూ చెప్పవేం?

బీన్స్ మేం తెస్తాం. పచ్చిమిర్చి మాత్రం నువ్వు తే, ఇక్కడివి గడ్డిలా ఉన్నాయి.

తమ్ముడు
లైల్

*

డెమింగ్
15 మార్చి 1978

లైల్ గారికి,

గారు అని ఎందుకంటే, నా తమ్ముడు ఇలాంటి పని చెయ్యడు. చేసినవాడెవరో పరాయివాడు.

ఆదివారం దారంతా నేను నోరు విప్పలేదు. తలనొప్పి అన్నాను. నాకు తలనొప్పి ఏమీ లేదు. పిల్లల ముందు నిన్ను కడిగెయ్యడం ఇష్టంలేక పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఇంటికొచ్చి మూడు రోజులు ఆగాను, కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

శనివారం మధ్యాహ్నం జోడీ నా చెయ్యి పట్టుకుని వాగు పై వంపులోకి లాక్కెళ్ళింది. "మామ్మా, ఇక్కడ బోలెడున్నాయి" అని గంతులు. వంగి ఒకటి తడిమాను. ఏళ్ళ తరబడి ఒకేచోట పడున్న రాయికి నేలకి ఆనిన పక్క సున్నం పేరుకుంటుంది. పై పక్క ఎండకి మాడి నున్నగా ఉంటుంది. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు, మనకి పాలపళ్ళున్నప్పుడే తెలుసు. నా వేలికి పైన గరగరమని సున్నం తగిలింది. ఇంకోటి తడిమాను. సున్నం పైనే. మూడోదీ అంతే. ఒక్కో రాయి నింపాదిగా బోర్లా పడుకుని ఉంది, నిన్న రాత్రే వచ్చి చేరినట్టు.

బకెట్టుతో తెచ్చి చల్లావు. నీ ఇంటి వెనక రాళ్ళ కుప్పలోవి తెచ్చి, వాగులో దొరికినట్టు చల్లావు. నా చెవిలో పువ్వు పెట్టావు లైల్. కళ్ళు మధ్యలో పోయాయని, వేళ్ళు కూడా పోయాయనుకున్నావా?

అక్కడితో ఆగావా? పొద్దుట్నుంచీ "అక్కా, ఆ కింద గట్టు దగ్గర చూడు, ఆ మెస్కీట్ పొద కింద చూడు" అని నాలుగుసార్లు అన్నావు. సరేనని వెళ్ళాను. గట్టు కింద వేళ్ళ మధ్యలోంచి ఒకటి లాగాను, కమలాపండంత ఉంది, చేతికి బరువుగా. ఆ క్షణం నా గుండె ఎలా కొట్టుకుందో నీకు తెలీదు. అంతలోనే పై వంపు గుర్తొచ్చింది. ఇదీ నువ్వు పెట్టిందే. ముసలిదానికి ఒక పెద్ద ముక్క పడేస్తే నోరు మూసుకుంటుంది అనుకున్నావు. దాన్ని ఉన్న బలమంతా పెట్టి విసిరికొట్టాను. నోరీన్ కాళ్ళ పక్కన పడిందట, కెవ్వుమంది. పాపం, తగలనందుకు సంతోషం. అయినా ఈ చల్లుడు ఆలోచన మీ ఆవిడ బుర్రలోదే అయ్యుంటుంది, ఆవిడకి నా మీద జాలి ఎక్కువ.

నాకు ఒక్క రాయి కావాలన్నాను. ఒక్కటి. ఎవరూ చూపించకూడదన్నాను. నువ్వు ఆ ఒక్కదాన్ని కూడా నాకు లేకుండా చేశావు. ఇప్పుడు ఆ వాగులో ఏ రాయి ముట్టుకున్నా, ఇది నేలదా, లైల్‌దా అని నన్ను నేను అడగాలి.

జోడీకి మాత్రం చెప్పకు. అది ఆ రాళ్ళని తలగడ కింద పెట్టుకుని పడుకుంది. దాని సంతోషం ఎందుకు చెడగొట్టడం.

వెల్డా

*

టూసాన్
19 మార్చి 1978

అక్కా,

ఇన్నాళ్ళూ నువ్వే తిట్టావు, ఇవాళ నా వంతు.

అవును, చల్లాను. శనివారం పొద్దున్నే, మీరంతా కాఫీ దగ్గరుండగా. మా క్లబ్బు పిల్లల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ చేసేదే, కోళ్ళకి గింజలు చల్లినట్టు చల్లేస్తాం. ఖాళీ చేతులతో ఇంటికెళ్ళిన పిల్లలు మళ్ళీ ఎడారి మొహం చూడరు. పిల్లలకి సున్నం ఏ పక్కనుందో ఏం తెలుస్తుంది, అందుకే పక్కలు చూసుకోలేదు. అది పిల్లల కోసం చేసిన పని. నీ కోసం కాదు! ప్రతిదీ నీ చుట్టూనే తిరుగుతుందని ఎందుకనుకుంటావు?

నిన్ను కింద గట్టు దగ్గరికి ఎందుకు పొమ్మన్నానో తెలుసా? పై వంపులోకి రాకుండా ఉండాలని. నువ్వొస్తే పసిగడతావని నాకు తెలుసు. పైగా ఆ గట్టు దగ్గర మధ్యాహ్నం నీడ ఉంటుంది. కుర్చీ వద్దన్నావు, కనీసం నీడలోనైనా ఉంటావనుకున్నాను. అది కూడా తప్పేనా?

నోరీన్‌ని ఎందుకు లాగుతావు? తనకి ఈ సంగతి తెలియనే తెలియదు. నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "మీ అక్క నా మీదికి బండ విసిరి, పైగా నన్నే తిడుతోంది" అంది. నువ్వు ఆ రాయి ఎందుకు విసిరావో నీ ఉత్తరం వచ్చేదాకా మాకెవరికీ తెలీదు, ఎండ దెబ్బ అనుకున్నాం.

ఇంకోటి. ఆ కింది గట్టు వైపు నేను ఒక్క రాయి కూడా వెయ్యలేదు. నా బకెట్లో ఉన్నవన్నీ చిన్నవి, నిమ్మకాయని మించింది ఒక్కటీ లేదు. కమలాపండంత రాయి నా దగ్గరుంటే పిల్లల కోసం మట్టిలో పారేస్తానా? నాకేమైనా పిచ్చా?

మా ఆవిడకి ఒక మాట రాయి. నాకు రాయకపోయినా ఫరవాలేదు.

లైల్

*

డెమింగ్
23 మార్చి 1978

లైల్,

నీ ఉత్తరంలో చివరి మాటలు భూతద్దంతో రెండుసార్లు చదివాను. నేను తప్పు చదివానేమోనని పక్కింటావిడని పిలిచి చదివించుకున్నాను. ఆవిడా అదే చదివింది.

గట్టు కింద నువ్వేమీ వెయ్యలేదు.

అయితే అది నిజంది. వేళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది, లాగితే మట్టి పెళ్ళ ఊడి వచ్చింది. మట్టిలోంచి వచ్చిన రాయిని ఎవరు చల్లుతారు! కోపంలో ఆ మాత్రం ఆలోచన లేకపోయింది. వెధవ కోపం. నీ వెధవ బకెట్టు వల్ల వచ్చిన కోపం!

నాకు కావలసిన ఒక్క రాయీ నా చేతికి వచ్చింది. నా చేత్తోనే పారేశాను. నువ్వే పారేయించావు. పిల్లల కోసమే అన్నావు, సరే. ముందే నా చెవిలో "అక్కా, పై వంపులో పిల్లల కోసం నాలుగు చల్లాను" అని ఊదితే నీ నోటి ముత్యాలు రాలేవా?

ఆ రాయి ఏమైంది? ఎక్కడ పడింది? ఎవరైనా తీశారా? వెంటనే ఉత్తరం రాయి. లేకపోతే నా ట్రక్కు ఉంది, తాళాలున్నాయి.

నోరీన్‌కి: అమ్మా, నీ మీదికి విసరలేదు. నా కోపం నీ మొగుడి మీద. నీ కాళ్ళకి తగలనందుకు ఆ రోజు నుంచీ మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను. నిన్ను అన్న మాట తప్పు.

వెల్డా

*

టూసాన్
26 మార్చి 1978

అక్కా,

ట్రక్కు ముట్టుకోవద్దు. బతిమాలుతున్నాను. ఆ మట్టిరోడ్డు మీద ఎదురుగా ఏదొచ్చినా నీకు కనపడదు, ఆవు వచ్చినా కనపడదు.

నీ రాయి గురించి డేల్‌ని అడిగాను. ఆ సాయంత్రం ట్రైలరు వెనక్కి జారుతోంటే, దగ్గర్లో పడున్న గుండ్రాయిని చక్రం కింద అడ్డు పెట్టాడట. మట్టి పట్టి ఉంది కనక మామూలు రాయనుకున్నాడు. ఆదివారం బయల్దేరేటప్పుడు దాన్ని కాలితో తన్ని పక్కకి తోసింది నేనే. అవును, నేనే. నీ నోట్లో ఇప్పుడు ఏ మాట ఉందో నాకు తెలుసు, అనెయ్.

పొయ్యి పెట్టుకున్నచోటికి దగ్గర్లోనే ఉండాలి. ఏప్రిల్ ఎనిమిదో తారీఖు శనివారం నోరీనూ నేనూ వస్తాం. నిన్ను తీసుకెళ్తాను. అప్పటిదాకా ఆగు.

నోరీన్ నీ మాట చదివి, నీ కోసం పీచ్ పళ్ళు సీసాలో పెడుతోంది. నాకు మాత్రం ఇవ్వనంటోంది.

లైల్

*

డెమింగ్
30 మార్చి 1978

లైల్,

ఆగుతాను. కానీ నా షరతులు విను.

నువ్వు ట్రక్కు దిగకూడదు. దిగినా పొయ్యి రాళ్ళకి ఇవతలే ఉండాలి. "ఎడమకి అక్కా, ఇంకొంచెం అక్కా" అంటే ఆ వాగులోనే నిన్ను పాతిపెడతాను. దగ్గకూడదు, ఈల వెయ్యకూడదు. నోరీన్‌తో గుసగుసలాడకూడదు. నేను మోకాళ్ళ మీద దేకుతూ వెతుకుతాను, చూడ్డానికి బాగుండదు, అటు తిరిగి కూర్చో.

అది దొరికితే నేలలోంచి తీసింది నేనే, పారేసిందీ నేనే, మళ్ళీ వెతికి పట్టుకుందీ నేనే అవుతాను. మొదటిసారి దొరికినంత సంతోషం ఉండదు. ఆ నష్టం నీ లెక్కలోదే. అయినా అదే నాది.

దొరక్కపోతే దొరకలేదని చెప్పుకుని ఇంటికొస్తాను. నాకు ఓదార్పులు వద్దు.

వెల్డా

*

టూసాన్
10 ఏప్రిల్ 1978

అక్కా!

ఇంకా నీ కేక నా చెవుల్లోనే ఉంది. అంతసేపు దేకావు, గిలక పాము ఉంటుందేమోనని నాకు ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి, అయినా ఒక్క మాట అనలేదు. దగ్గొచ్చినా మింగాను. నువ్వు రాయి ఎత్తి పట్టుకుని "ఇదిగో!" అని అరిచినప్పుడు నోరీన్ ఏడ్చింది, నేనూ కొంచెం ఏడ్చాను, అటు తిరిగి ఉన్నాను కనక నీకు తెలీదు.

నీ చేతులకి కళ్ళెందుకు అక్కా? కోసుకుంటావో, అలాగే ఉంచుకుంటావో నీ ఇష్టం. కోపం పోయింది కదా?

తమ్ముడు
లైల్

*

డెమింగ్
14 ఏప్రిల్ 1978

ఒరేయ్ లైల్,

పోలేదు.

రాయి దొరికినప్పుడు కేక వేసిన మాట నిజం. ఆ కేక నిజమైన కేకే, అందులో అబద్ధం లేదు. సున్నం పక్క కిందికి ఉంది. పై పక్క నున్నగా ఉంది. సైజూ అదే కమలాపండంత. అంతా సవ్యంగా ఉంది. తిరుగు దారిలో నువ్వు ఏదో పాడుతూ నడుపుతున్నావు, నేను ఒళ్ళో రాయిని నిమురుకుంటూ కూర్చున్నాను. హైవే ఎక్కాక బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. చక్రం కింద నలిగి, నీ బూటు తన్ను తిన్న రాయి సున్నం కిందికి పెట్టుకుని మర్యాదగా ఎలా కూర్చుంటుంది? నేలలోంచి తీసి నెల కూడా కాలేదు, పైన మట్టి ఎందుకు లేదు?

బొటనవేలితో చుట్టూ తడిమాను. పక్కన గంటు తగిలింది. వేలు అందులో సరిగ్గా కూర్చుంది. దానికి ఎన్నేళ్ళయినా ఆ చోటు తెలుసు, ఎందుకంటే ఆ గంటు పెట్టింది నా సుత్తి.

అప్పుడు అరిచేదాన్నే. కానీ నోరీన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "వదినా, ఈయన శుక్రవారం కూడా వచ్చి పొద్దుపోయేదాకా వెతికారు" అని నోరు జారి, వెంటనే నాలిక కరుచుకుంది. నువ్వు పాట ఆపేశావు. నేను వినిపించుకోనట్టు కిటికీలోంచి చూశాను, నాకు ఏం కనపడుతుందని చూశానో ఆ దేవుడికే తెలియాలి.

అంటే ఏమిటి? నువ్వు ముందు రోజే వెళ్ళావు. నా రాయి నీకు దొరకలేదు. వాన నీళ్ళు లాక్కుపోయాయో, ఎవరో పార్లవాడు పట్టుకుపోయాడో. అప్పుడు నువ్వు నీ కిటికీలో రాయిని పొయ్యి పక్కన పెట్టావు. ఈసారి వంగి, నింపాదిగా, సున్నం కిందికి చూసి పెట్టావు. మళ్ళీ చల్లావురా నాకు! వద్దు వద్దు అని మొత్తుకుంటుంటే మళ్ళీ చల్లావు! ఓదార్పులు వద్దని రాశానా లేదా? చదవడానికి నీ కళ్ళకేం రోగం?

దీన్ని నీకు తిరిగి పంపుతానని అనుకోకు. అట్టపెట్టె దాకా తీసుకెళ్ళాను, పెట్టలేదు. ఇది నాది. ఆ రోజు నా సుత్తి గుంటలోనే ఉంది. నాన్న లేడు కనక ఆ తీర్పు నువ్వే చెప్పావు, ఆలస్యమైనా చెప్పావు, అంతవరకు ఒప్పుకుంటున్నాను. ఇప్పుడది నా మంచం పక్కన ఉంది. నీ కిటికీ బోసిగా ఉంటుందని తెలుసు. ఉండనీ, కొన్నాళ్ళు నువ్వూ చూడు ఎలా ఉంటుందో.

కానీ ఇది ఎప్పుడో దొరికిన రాయి. నాకు ఈ చూపు ఉండగా దొరికింది గట్టు కిందది. అది ఇంకా ఆ వాగులో ఎక్కడో ఉంది, లేదా లేదు. నిన్నటికి ఇవాళ్టికి పోస్టుమాన్ టోపీ కూడా మసకబారింది. కనక ఆలస్యం చెయ్యకు. వచ్చే శనివారం ట్రక్కు తీసుకురా. నోరీన్‌నీ, జోడీనీ తీసుకురా. ఈసారి నువ్వు అటు తిరిగి కూర్చోనక్కర్లేదు, నా పక్కనే మోకాళ్ళ మీద దేకు, నువ్వు తన్నిన రాయి నువ్వూ వెతుకు. ముందు ఎవరికి దొరికితే వాళ్ళు నోరు మూసుకుని సుత్తి అక్కడ పెట్టాలి.

ఒక్కటే షరతు. బయల్దేరే ముందు మా గుమ్మంలో నిలబెట్టి నీ ఒళ్ళంతా తడుముతాను. ఖాళీ జేబులతో రా.

మీ అక్క
వెల్డా